దూలయ్య తాగే మందు

జబ్బు ఎవరిదైనా మందు తాగేది మాత్రం దూలయ్యే. టేకులపల్లి అడవిలో ఆయనకు తెలియని వేరు లేదు. అయినా తన ఒంటి మీద పరీక్షించనిదే ఎవరికీ చుక్క పోయడు. భీమ్లా మోకాలు నొప్పంటూ వస్తే, కషాయం కాచి తానే తాగి, తన మోకాలు తడుముకుని, "ఇంకొన్నాళ్లు సూద్దాం" అని పంపేశాడు.

అలాంటి మనిషి దగ్గరికి గుండెదడ మందు కోసం కల్లూరు నుంచి సుబ్బరత్నం వచ్చింది. ఒంటరిగా బస్సెక్కాలంటే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. ఖమ్మంలో కూతురు మనోజ్ఞకు ఐదో నెల. కాన్పుకు పక్కన ఉండాలి. మొగుడు వెంకటరామారావు ఇక్కడిదాకా తోడొచ్చాడు గానీ, మిరపతోట వదిలి ఖమ్మం కదలడు.

"ఆ మందు తొమ్మిదేండ్ల సంది తాగుతున్ననమ్మా. ఇంకా నమ్మకం కుదుర్తలేదు" అన్నాడు దూలయ్య.

"తొమ్మిదేళ్లు తాగి బతికే ఉన్నారుగా, చాలదా?"

"మంచిగున్ననని నేనే చెప్పుకుంటె ఎట్ల? మంగళారం మంగళారం వచ్చి నువ్వే సూసి నోటుబుక్కుల రాయి. నాలుగు నెలలు. ఒక్క వారం తప్పినా పరీక్ష మళ్ల మొదటికొస్తది."

రెండు వారాలు వెంకటరామారావు తోడొచ్చాడు. మూడో వారం, "ఆయన ఆరోగ్యం కోసం నా తోట ఎండాలా?" అని చేతులెత్తేశాడు. పరీక్ష మొదటికొస్తే కాన్పు దాటిపోతుంది. సుబ్బరత్నం కళ్లు గట్టిగా మూసుకుని, నోటుబుక్కు గుండెకు హత్తుకుని బస్సెక్కింది.

పదో వారానికి కిటికీ సీటు కోసం పోట్లాడుతోంది. దిగగానే దూలయ్య చేత నాలుక చాపించడం, చేతులు చాపించి వణుకు చూడటం, గీత మీద నడిపించడం. ఆయన గీత తప్పకుండా నడిచేవాడు.

పదహారో మంగళవారం టైరు పంచరై బస్సు రెండు గంటలు ఆలస్యమైంది. దిగేసరికి దూలయ్య రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. పక్కన భార్య ముత్తక్క నిలబడి ఉంది.

"చేతులు చాపండి" అంది సుబ్బరత్నం. రెండు చేతులూ వణుకుతున్నాయి. "ఇవాళ మందు తాగలేదా?"

"తాగిన. రెండుసార్లు తాగిన" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ముత్తక్క నవ్వింది. "మంగళారం వస్తే గింతేనమ్మా. నీ బస్సు కనవడేదాక గీ స్టేజీ కాడనే ఉంటడు. రాసుడు నాకూ వచ్చు. నేను రాస్తనంటె ఇనలే. ఆమెనే రావాలె, బస్సు అలవాటు గావాలె అన్నడు."

సుబ్బరత్నానికి కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆ ముసలాయన మీద అభిమానం పొంగుకొచ్చింది. నోటుబుక్కు తెరిచి, "గుండెదడ ఉంది. ఇంకొన్నాళ్లు చూద్దాం" అని రాసి ముత్తక్క చేతిలో పెట్టింది.

మనోజ్ఞకు నెలలు నిండాయి. ఆఖరి మంగళవారం టేకులపల్లి స్టేజీలోనే ఖమ్మం బస్సు రాగానే సుబ్బరత్నం ఒక్కతే ఎక్కేసింది. మందు అడగాలన్న సంగతే గుర్తులేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది.

"దిగగానే ఈ స్టేజీ పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తా దూలయ్యగారూ. అందాకా ఇంకో గ్లాసు తాగకండి."