మంచు బండిని వంచిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. నిజంగా తెలుసని కాదు లెండి, "తెలుసా?" అని ఎవరైనా అడిగితే ప్రశ్న పూర్తయ్యేలోపే "తెలుసు" అనే మాట నా నోట్లోంచి వచ్చేసేది. "చూశావా?" అంటే "చూశాను", "వచ్చా?" అంటే "వచ్చు". బీటెక్ మెకానికల్ పట్టా (అందులో ఎన్ని పేపర్లు రెండోసారి రాశానో ఇప్పుడెందుకు) సంచీలో పెట్టుకుని తెనాలి నుంచి ఇంగ్లండులోని లీసెస్టర్‌కి మాస్టర్స్ చదవడానికి దిగిన ఇరవై మూడేళ్లవాడికి ఆ మాత్రం ధైర్యం లేకపోతే ఎలా? ఇప్పుడు అక్కడే రీడింగ్ అనే ఊళ్లో ఆఫీసు మీటింగుల్లో ఎవరేమడిగినా "చూసి చెప్తాను" అంటాను. ఆ మూడో రకం జవాబు ఒకటుందని నేను నేర్చుకున్నది ఒక ముసలి మంచు బండి దగ్గర.

లీసెస్టర్ ఊరి చివర ఒక పెద్దాయన షెడ్డు ఉండేది. లాన్‌లో గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు రిపేరు చేసేవారు. వారానికి రెండు రోజులు సాయానికి మనిషి కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంటే లోపలికి వెళ్లి "గుడ్ మార్నింగ్ అంకుల్" అన్నాను. ఆయన కంగారుగా నా మొహంలోకి చూశారు, తనకి తెలియకుండా మేనల్లుడెవడైనా పుట్టుకొచ్చాడేమోనని. మా దేశంలో పెద్దవాళ్లందరూ అంకుల్సేనని చెప్పాక కాస్త తేరుకుని, "అయితే మా ఆవిడ ఆంటీ అవుతుందా?" అన్నారు. అవుతుందన్నాను. "ఆ సంగతి నేను చెప్పను, నువ్వే చెప్పుకో" అన్నారు. ఆంటీ మాత్రం విని తెగ సంబరపడిపోయారు, ఆ రోజు నుంచి నాకు టీతో పాటు కేకు ముక్క కూడా దక్కేది. "టూ స్ట్రోక్ ఇంజన్లు తెలుసా అబ్బాయ్?" అని అంకుల్ అడిగారు. "వాటి మధ్యే పెరిగాను" అన్నాను. ఇందులో అబద్ధమేమీ లేదు. మా మామయ్యకి ఒక పాత స్కూటరు ఉండేది. రోజూ పొద్దున్నే దాన్ని పక్కకి వంచి, రెండు క్షణాలు ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టేవాడు. నేను అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటూ చూసేవాణ్ణి. నా అనుభవమంతా అదే.

నవంబరులో ఒకరోజు అంకుల్ షెడ్డు మూల కప్పి ఉంచిన టార్పాలిన్ లాగారు. కింద నాకంటే వయసులో పెద్దదైన స్నోమొబైల్ ఉంది. నేను అప్పటివరకూ అలాంటిది చూడలేదు. ముందు మంచు మీద జారే పొడుగాటి పలకల్లాంటి రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మోటారు సైకిల్ సీటు, పక్కన లాగి స్టార్ట్ చేయడానికి తాడు. ఉత్తరాన పెన్నైన్ కొండల్లో ఒక చిన్న స్కీ క్లబ్బు ఉందట. అంకుల్, ఆంటీ, వాళ్ల ఈడు స్నేహితులు కలిసి నడుపుకునేది. అక్కడ సరిగ్గా మంచు పడేది ఏడాదికి నాలుగైదు రోజులు, కొన్ని ఏళ్లయితే అదీ లేదు. ఆ నాలుగు రోజుల కోసం మిగతా సంవత్సరమంతా మీటింగులు పెట్టుకునేవాళ్లు. "ఇలాంటిది ఎప్పుడైనా విప్పావా?" అన్నారు అంకుల్. ఏమన్నానో మీకు తెలుసు.

అంకుల్ సిద్ధాంతం చాలా చిన్నది. "ఇంజన్ తిరగాలంటే పెట్రోలు, నిప్పు, గాలి. తిరగలేదంటే ఈ మూడిట్లో ఒకటి లేనట్టు. ఏది లేదో కళ్లతో చూడు, ఊహించకు" అనేవారు. నెల రోజులు ఆ మూడిటి వెంటే పడ్డాం. కార్బ్యురేటర్ విప్పితే రెండేళ్లనాటి పెట్రోలు ముదురు పాకంలా గడ్డకట్టి ఉంది. పెట్రోలు చిమ్మే జెట్‌లో వెంట్రుకంత రంధ్రం, దాన్ని సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయడానికి నాకు ఒక శనివారం పట్టింది. గాలి లోపలికి వెళ్లే డబ్బా తెరిస్తే అందులో ఎలుక గూడు, అదీ క్లబ్బు మీటింగు కాగితాలు చింపి కట్టుకున్నది (వాటిని చదివి ఉపయోగించుకున్న ప్రాణి అదొక్కటేనని అంకుల్ అన్నారు). పగిలిన బెల్టు మార్చాం, కొత్త ప్లగ్గులు వేశాం, పెట్రోల్లో ఆయిల్ కలిపాం. అంకుల్ తాడు లాగారు. అయిదోసారికి బండి దగ్గి, తుమ్మి, షెడ్డంతా నీలం పొగతో నింపేసి దడదడమని మొదలైంది. ఆ వాసన! అచ్చం మామయ్య స్కూటరు వాసన. నాకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పొగకని చెప్పాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారగానే ఫోన్. "మంచు పడింది, రా!" అని అంకుల్ చిన్నపిల్లాడిలా అరిచారు. ఆ కంగారులో ఒక కారణం ఉంది. ఆంటీకి వచ్చే గురువారం మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత స్కీలు అటకెక్కించాల్సిందేనని సర్జన్ గట్టిగా చెప్పేశాడు. ఆంటీ పంతొమ్మిదో ఏట స్కీయింగ్ నేర్చుకున్నది ఆ కొండ మీదే, అంకుల్‌ని మొదటిసారి ఢీకొట్టింది కూడా ఆ కొండ మీదే (నిజంగానే ఢీకొట్టారు, ఆయనకి పక్కటెముక విరిగింది, ఆరు నెలల్లో పెళ్లయింది). ఆఖరిసారిగా పైనుంచి కింది దాకా ఒక్కసారి జారాలని ఆవిడ కోరిక. దిగడానికి మోకాలు ఒప్పుకుంటుంది, ఎక్కడానికే ఒప్పుకోదు. కాబట్టి మంచు బండి మీద పైకి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం నుంచి వర్షమని వాతావరణ శాఖవాళ్లు చెప్పారు, వర్షం వస్తే మంచు మిగలదు.

ఈ సంగతి విని మా ఫ్లాట్‌లో ఉండే పంతులు (కంప్యూటర్ సైన్స్ విద్యార్థి, కొత్త ఫోన్‌కి కూడా బొట్టు పెట్టేవాడు కాబట్టి ఆ పేరు) పక్క మీంచి లేచి కూర్చున్నాడు. "పెద్దావిడని ఎక్కిస్తున్నారు, బండికి పూజ చేయించారా?" అన్నాడు. లేదన్నాను. "అదేంట్రా బాబూ, బుద్ధుందా? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టు." దానికి చక్రాల్లేవన్నాను. పంతులు కాసేపు శాస్త్రం ఆలోచించి, ఫ్రిజ్‌లోంచి ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు తీసి, నల్లదారంతో గుచ్చి, "ముందు భాగంలో ఎక్కడో ఒకచోట కట్టు, గట్టిగా" అని నా చేతికిచ్చాడు.

కొండ దగ్గరికి చేరేసరికి పది దాటింది. తెల్లగా, నున్నగా, ఎండకి కళ్లు తెరవలేనట్టుగా ఉంది. అంకుల్, ఆంటీ కాక క్లబ్బు సభ్యులు ఏడుగురు, అందరూ అరవై దాటినవాళ్లు, స్కూలు పిక్నిక్‌కి వచ్చినట్టు గోల గోలగా ఉన్నారు. ఆంటీ ఎర్ర టోపీ పెట్టుకుని, స్కీలు భుజాన వేసుకుని తయారు. ట్రైలర్ మీంచి బండి దింపాక నేను దండ తీశాను. బానెట్‌కి కడితే వేడికి మిరపకాయలు వేగి ఘాటెక్కుతుందేమోనని హ్యాండిల్‌కి కట్టాను. హ్యాండిల్ కుడివైపు పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్ ఉంటే దారం జారకుండా బాగుంటుందని దాని మీంచే మూడు చుట్లు బిగించాను, నిమ్మకాయ దాని నెత్తిన కూర్చుంది. "ఇదేమిటి?" అన్నారు అంకుల్. "మా ఊరి ఇన్సూరెన్స్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అంకుల్ తాడు లాగారు. లేదు. పదిసార్లు లాగారు, నేను ఇరవైసార్లు లాగాను. ముందురోజు షెడ్డులో ఒక్క లాగుకి మొదలైన బండి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. "ఎర్ర బటన్ చూశావా?" అన్నారు అంకుల్. దాన్ని కిందికి నొక్కితే నిప్పు ఆగిపోయి ఇంజన్ ఆగుతుంది, పైకి లాగితేనే మళ్లీ తిరుగుతుంది. "చూశాను" అన్నాను. (చూశాను కదా, దారం కట్టేటప్పుడు!) ప్లగ్గులు తీస్తే తడిగా ఉన్నాయి, అంటే పెట్రోలు వస్తోంది. నిప్పు వస్తోందో లేదో చూడమని ఒక ప్లగ్గు నా చేతికిచ్చి అంకుల్ తాడు లాగారు. ఆ మంచు ఎండలో నాకు నా వేళ్లే సరిగ్గా కనపడలేదు. "వస్తోందా?" అన్నారు. "వస్తోంది" అన్నాను. అంతటితో పాపం ఆ మనిషి తన సిద్ధాంతంలో నిప్పుని కొట్టేసి, చలిలో కార్బ్యురేటర్ మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు.

పదకొండున్నర. పడమటి వైపు మబ్బులు నల్లగా లేచాయి. గోల చేస్తున్నవాళ్లందరూ గొడుగులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఆంటీ మాత్రం బండి పక్కనే నిలబడి, "పోనీలే, కొండని చూశాను కదా, చాలు" అన్నారు. ఆ "చాలు" విన్నాక ఊరికే నిలబడలేకపోయాను. ఏం చేయాలో తోచక, ఒక్క గీత సిగ్నల్ ఉన్న ఫోన్‌లో మామయ్యకి వీడియో కాల్ చేశాను.

"ఏరా అల్లుడూ, అదేం బండిరా, చక్రాలెవడు ఎత్తుకుపోయాడు?" అన్నాడు మామయ్య లుంగీ సర్దుకుంటూ.

"చక్రాలుండవు మామయ్యా, మంచు బండి. స్టార్టవట్లేదు."

"ప్లగ్గు తుడిచావా?"

"తుడిచా."

"వంచావా?"

"మామయ్యా, ఇది రెండొందల కేజీలుంటుంది!"

"అయితే నలుగుర్ని పిలువు. వంచకుండా స్టార్టవ్వమంటే ఎట్టా అవుద్దిరా? పెట్రోలుకి దారి తెలియొద్దూ?"

నేను ఏడుగురు తెల్ల పెద్దమనుషుల వైపు తిరిగి, ఇండియాలో ఇదే చివరి చికిత్స అని ప్రకటించాను. ఇంగ్లీషువాళ్లు మర్యాదస్థులు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. అంకుల్ తలపట్టుకున్నారు గానీ ఆపలేదు. అందరూ వరసగా నిలబడి "వన్, టూ, త్రీ" అంటూ బండిని పక్కకి వంచారు. ఫోన్‌లోంచి మామయ్య "ఇంకా! ఇంకా! భయపడమాకండి!" అని తెలుగులో ఆజ్ఞలు, వాళ్లు అర్థమైనట్టే ఇంకా వంచారు. హ్యాండిల్ పట్టుకుని కింద వంగి ఉన్న నా మొహం మీదికి నిమ్మకాయ వేలాడి ముక్కుకి తగిలింది. అప్పుడు కనిపించింది. మూడు చుట్ల నల్లదారం కింద, అడుగంటా నొక్కుకుపోయి, ఎర్ర బటన్.

మంచులో నాకు చెమట పట్టింది. గంటకి పైగా ఇంజన్ని నిప్పు లేకుండా ఆపింది నా ఇన్సూరెన్సే. ఒప్పుకోవాలా? ఏడుగురూ బండిని మోస్తూ, ముక్కుతూ, నా వైపు నమ్మకంగా చూస్తున్నారు. నేను కళ్లు మూసుకుని, నిమ్మకాయకి దండం పెడుతున్నట్టు రెండు చేతులూ దాని మీద వేసి, గొణుగుతూ (మంత్రమనుకున్నారు, నన్ను నేను తిట్టుకుంటున్నాను) దారం వదులు చేసి బటన్ పైకి లాగేశాను. "ఇప్పుడు నిలబెట్టండి" అన్నాను. ప్లగ్గులు ఆరబెట్టి మళ్లీ బిగించి అంకుల్ తాడు లాగారు. ఒక్కటే లాగు! కొండంతా దద్దరిల్లింది. ఏడుగురూ ఒకరినొకరు కావలించుకున్నారు, ఒకాయన నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి దింపేశాడు. "చెప్పానా! చెప్పానా!" అని తెనాలిలో మామయ్య గంతులు.

ఆంటీ అంకుల్ వెనక ఎక్కి కూర్చున్నారు. బండి కదిలే ముందు వంగి నిమ్మకాయని ఒకసారి తట్టి, నా వైపు చూశారు. ఎండకి కళ్లు చికిలించారనుకున్నాను. పదినిమిషాల తర్వాత తెల్లటి కొండ పైనుంచి ఒక ఎర్ర చుక్క బయల్దేరింది. అటూ ఇటూ వంపులు తిరుగుతూ, తొందర లేకుండా, పంతొమ్మిదేళ్ల పిల్లలా నవ్వుతూ ఆవిడ కింది దాకా వచ్చి, ఈసారి ఎవరినీ ఢీకొట్టకుండా ఆగారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అక్కడ పొగ కూడా లేదు. ఇంకో అరగంటకి వాన మొదలైంది.

మామయ్య ఆ తర్వాత తెనాలిలో, ఇంగ్లండు బండిని ఫోన్లోనే బాగుచేసిన మనిషిగా చాలాకాలం చలామణీ అయ్యాడు. నేను చదువు ముగించి రీడింగ్ వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ల తర్వాత మొన్న చలికాలంలో ఆఫీసు మీటింగులో ఉండగా ఆంటీ నుంచి ఒక ఫొటో వచ్చింది. అదే కొండ, అదే బండి. ముసలివాళ్లందరూ, మరింత ముసలివాళ్లయి, దాన్ని పక్కకి వంచి పట్టుకుని నవ్వుతున్నారు. అంకుల్ ఎప్పట్లాగే తలపట్టుకున్నారు. ఎడమ హ్యాండిల్‌కి నిమ్మకాయ, ఏడు మిరపకాయలు. కింద ఆంటీ రాశారు: "ప్రతి ఏడూ నీ పద్ధతిలోనే వంచుతున్నాం. నిమ్మకాయ మాత్రం నేనే కడతాను, ఎర్ర బటన్‌కి దూరంగా. ఆ రోజు నీ దండం చాలా బాగుంది."

మీటింగు మధ్యలో పగలబడి నవ్వాను. సర్వర్ ఎందుకు ఆగిపోయిందో తెలిసిందా అని మేనేజర్ చిరాగ్గా అడిగాడు. "చూసి చెప్తాను" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ. ఏమీ తెలియకుండానే ఏడుగురిచేత మంచు బండిని వంగదీయించిన ఆ కుర్రాడంటే నాకు ఆ క్షణంలో ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. మీరు మాత్రం ఈ సంగతి మా మామయ్యతో అనకండి.