గొరక తలలో రాయి

మా రేవులో ఆ అమ్మాయిని మొదటిసారి చూసినప్పుడు పడవల వివరాలు రాసుకోవడానికి ఏదో ఆఫీసు నుంచి వచ్చిందనుకున్నాను. కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో పొడవాటి స్కేలు. బోటు నుంచి దించిన గొరక చేపల్ని ఒక్కొక్కటే కొలుస్తోంది. గొరకంటే నీళ్ళలోంచి పైకి తీయగానే గొరగొరమని చప్పుడు చేసే చేప. కొలవడం అయ్యాక ఒక చేప తల చీల్చి, లోపలి నుంచి రెండు తెల్లటి రాళ్ళు తీసి, చిన్న కవరులో వేసి, పైన పెన్సిల్‌తో ఏదో రాసింది.

ఆ రాళ్ళు నాకు కొత్తేమీ కాదు. నేను పుట్టింది చేపలు పట్టే ఇంట్లో, మెట్టిందీ అలాంటి ఇంట్లోనే. చిన్నప్పుడు అమ్మ గొరక తలకాయలు పులుసు పెట్టిన రోజున మేం ఆ రాళ్ళు ఏరుకుని, వామనగుంటల్లో చింతపిక్కల బదులు వేసుకుని ఆడేవాళ్ళం. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళకు పైగా చేపలమ్మాను. అడిగినవాళ్ళకి అడిగినట్టు కోసి ఇచ్చేటప్పుడు అలాంటి తలలు ఎన్ని చీల్చానో. చేప తలలో రాయి ఎందుకుంటుందని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఆ రాయెందుకమ్మా నీకు?" అనడిగాను.

"దీంతో చేప వయసు తెలుస్తుందండి. అరగదీసి చూస్తే లోపల గీతలుంటాయి. చెట్టు మొదలు కోస్తే వలయాలు కనిపిస్తాయి చూడండి, అలాగ."

"మరి చేపకి తలలో రాయితో పనేంటి?"

ఆ అమ్మాయి చెప్పబోయింది గానీ, రోడ్డు మీద జీపు హారన్ కొట్టేసరికి సామాను సర్దుకుంది. "డిగ్రీ జువాలజీ పుస్తకంలో ఉంటుందండి ఆంటీ," అని వెళ్ళిపోయింది.

నేను ఇంటర్ బైపీసీ పాసయి, నరసాపురంలో బీఎస్సీ ఒక ఏడాది చదివినదాన్నే. రెండో ఏడాది తుఫానుకి నాన్న పడవ విరిగిపోతే, అమ్మకి సాయంగా గంప ఎత్తుకున్నాను. మళ్ళీ కాలేజీకి వెళ్దాం, వెళ్దాం అనుకుంటూ ఉండగానే పెళ్ళయింది. ఎవరూ చదవొద్దనలేదు. చదవమనీ ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను కాకినాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. సంగతి విని, "రాయి కోసం డిగ్రీ చదువుతావా అమ్మా?" అని నవ్వింది. రెండు రోజుల తర్వాత తనే చేసింది. "దూరవిద్యలో బీఎస్సీ కూడా ఉందమ్మా. క్లాసులకీ ప్రాక్టికల్స్‌కీ ఆదివారాలు టౌన్‌కి వెళ్తే చాలు."

"నేను చదివిన ఏడాది కలుపుతారా?"

"కలపరంట. మళ్ళీ మొదటి నుంచే."

అప్పటికి నాకు నలభై అయిదు. మా ఆయన వల బాగు చేసుకుంటూ అంతా విన్నారు. "చేప వయసు తెలిస్తే పులుసు రుచి మారుద్దా?" అన్నారు.

"మారదు. తెలుసుకోవాలనుంది, అంతే."

వలలో ఇంకో ముడి వేశారు. తర్వాత, "ఆదివారం చేపలు మా చెల్లి అమ్ముద్దిలే," అన్నారు.

మొదటి ఆదివారం కాలేజీ గేటు దగ్గర అటెండరు నన్ను ఆపి, పిల్లల్ని లోపలికి పంపించి తల్లిదండ్రులు చెట్టు కింద కూర్చోవాలన్నాడు. చదివేది నేనేనండి అని కార్డు చూపించాను. అతను కార్డు వంకా నా వంకా రెండుసార్లు చూసి, గది చూపించడానికి నాతో పాటు మేడ మీద దాకా వచ్చాడు. క్లాసులో వెనక బల్ల మీద కూర్చున్నాను. చేపల వాసన వస్తుందేమోనని పొద్దున్న రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. వచ్చిందో లేదో తెలీదు. పక్కనున్న పిల్ల మాత్రం జరగలేదు.

పుస్తకాలు చేతికొచ్చిన రోజే రాయి గురించి వెతికాను. ఒక్క పేరా ఉంది. చేప ఒరిగిందో తిన్నగా ఉందో దానికి తెలిసేది ఆ రాయి వల్లనేనట. చప్పుళ్ళు వినడానికి కూడా అదే సాయమట. మూడుసార్లు చదివాను. గొరకలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని మా నాన్న అనేవాడు. పడవ అడుగున చెవి ఆనించి, కింద మంద ఉందో లేదో చెప్పేవాడు. అంత మాట్లాడే చేపకి వినడానికి అంత పెద్ద రాయి ఉండటం సబబే అనిపించింది. కానీ గీతల గురించి పుస్తకంలో లేదు. తర్వాతి ఆదివారం జువాలజీ సార్‌ని అడిగాను. ఆయనకి మా అమ్మాయి వయసే ఉంటుంది.

"చదివానండి గానీ, నేనెప్పుడూ తీసి చూడలేదు," అన్నారు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం కలిగింది. "సిలబస్‌లో లేదు. అయినా చూద్దాం, ఒక నాలుగు రాళ్ళు తీసుకురండి."

నాలుగు కాదు, పన్నెండు తీసుకెళ్ళాను. క్లాసయ్యాక ల్యాబులో కూర్చున్నాం. మొదటిది సార్ అరగదీస్తుంటే రెండు ముక్కలైంది. రెండోది నా చేతిలో మరీ అరిగిపోయి పొడైంది. సామాన్ల షాపులో సన్నరకం ఉప్పుకాగితం కొని, మా అమ్మాయి వదిలేసిన గోళ్ళరంగుతో రాయిని గాజుపలకకి అంటించి, ఇంటి దగ్గర వారమంతా కొంచెం కొంచెంగా, తడి చేసుకుంటూ రుద్దాను. చేపల కత్తి నూరిన చేతికి ఎంత ఒత్తాలో మెల్లగా తెలిసింది. వెలుతురుకి పెట్టి చూస్తే పలక మీద రాయి పల్చగా, కొబ్బరి ముక్కలా కనిపించింది.

ఆ ఆదివారం మైక్రోస్కోపులో సార్ ముందు చూశారు. చాలాసేపు చూశారు. పక్కకి జరిగి, "మీరు చూడండి," అన్నారు.

నడుమ ఒక మచ్చ, దాని చుట్టూ ముదురుగా ఒక గీత, లేతగా ఒక గీత. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని ఎడంగా. ఆ చేపకి తిండి బాగా దొరికిన కాలమూ దొరకని కాలమూ అక్కడున్నాయి. ముందు వారం దాన్ని కోసి అమ్మింది నేనే. ఎవరు కొన్నారో కూడా గుర్తుంది. కన్ను తీయబుద్ధి కాలేదు.

"లెక్కపెడితే నాకు మూడొచ్చాయండి," అన్నారు సార్.

"నాకు నాలుగు సార్. ఎవరిది కరెక్టు?"

"తెలీదండి. చలిదేశాల్లో గీతలు స్పష్టంగా పడతాయట. మన నీళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి కదా. చాలా రాళ్ళు చూస్తే గానీ చెప్పలేం."

ఇంటికొచ్చి ఆ మాటే మా ఆయనతో చెప్పాను. చేప వయసు సార్‌కి కూడా తెలీదా అని ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత పెద్ద గొరక పడితే తల వేరుగా సంచిలో వేసి తెచ్చేవారు, ఏ లోతులో దొరికిందో కూడా చెప్పేవారు. నేను నోట్సులో రాసుకునేదాన్ని.

డిగ్రీ అంతా ఇంత ఇష్టంగా సాగిందంటే అబద్ధమే. కెమిస్ట్రీ నన్ను ఏడిపించింది. కర్బన సమ్మేళనాల బొమ్మలు చూస్తే తెగిన వల కుప్పపోసినట్టు ఉండేది. రెండో ఏడాది ఆ పేపరు పోయింది. మార్కులు చూసిన రోజు గంప దించి గట్టు మీద కూర్చుండిపోయాను. పాతికేళ్ళ క్రితం ఆగిన చోటే మళ్ళీ ఆగిపోతానేమోనని మొదటిసారి భయమేసింది. మా అమ్మాయి డ్యూటీ దిగాక రోజూ వీడియో కాల్‌లో పాఠం చెప్పింది. ఒకరోజు విసుక్కుని, "ఎన్నిసార్లు చెప్పాలమ్మా," అంది. వెంటనే నాలుక కరుచుకుంది. నేను దానికి ఎక్కాలు నేర్పినప్పుడు సరిగ్గా ఇలాగే విసుక్కున్నానని చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. రెండోసారి ఆ పేపరు గట్టెక్కింది, అయిదు మార్కుల తేడాతో.

నలభై తొమ్మిదో ఏట బీఎస్సీ పూర్తయింది. సర్టిఫికెట్ తెచ్చుకునే రోజు మా ఆయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కౌంటర్ దగ్గర సంతకం పెట్టడానికి పెన్ను కోసం వెతుక్కుంటుంటే తన జేబులోంచి తీసి ఇచ్చారు. పెన్ను పెట్టుకుని వచ్చారని నాకు తెలీదు.

తిరిగి వస్తుంటే ఆటోలో ఉన్నట్టుండి అడిగారు. "పీత పెంకు వదిలేసి కొత్తది వేసుకుంటుంది కదా, ఎందుకని?"

"ఒళ్ళు పెరుగుతుంది గానీ పెంకు పెరగదు. అందుకే వదిలేస్తుంది," అన్నాను. అది పుస్తకంలో ఉన్నదే.

"మరి అన్ని పీతలు వదిలేసిన పెంకులు ఎక్కడికి పోతన్నాయి? వలలో ఎప్పుడోగానీ పడవే."

కొన్నింటిని అవే తినేస్తాయని ఎక్కడో చదివినట్టు గుర్తు గానీ, అన్నీ తినేస్తాయా? ఆటో ఊళ్ళోకి వచ్చేదాకా ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం. సోమవారం సార్‌కి ఫోన్ చేసి అడుగుతానన్నాను. నన్ను కూడా స్పీకర్‌లో విననియ్యి అన్నారు మా ఆయన.