మిస్సమ్మగారి తులిప్ దుంపలు

కంద పాతడంలో ఆదాముని మించినవాడు మా చీపురుపల్లి వైపు లేడు. ఎవరి దొడ్లో వెయ్యాలన్నా మిషను కాంపౌండుకి కబురొచ్చేది. వెళ్లి, దుంపని ఒళ్లో పెట్టుకుని, మొలక లేచే కన్ను చూసుకుని, ముక్కముక్కకీ కాస్త కన్ను మిగిలేలా కోసి, పేడనీళ్లలో ముంచి ఆరబెట్టి పాతేవాడు. ఒక్క దుంపతో ఒక మడి నింపేవాడు. చెయ్యి అంత మంచిది.

మిషను ఆసుపత్రిలో తోటమాలి అతను. అసలు పేరు సోములు. కలరాకి తల్లీ తండ్రీ పోతే మిస్సమ్మ తెచ్చి పెంచి, బాప్తిస్మం ఇప్పించి ఆదాము అని పెట్టింది. పెళ్లికాని దొరసానిని మా వైపు మిస్సమ్మ అంటారు. ఆసుపత్రికి పెద్ద డాక్టరు ఆవిడే. ఎన్నో ఏళ్లుగా మా మధ్య ఉండి, "ఏటర్రా" అని మాలాగే పలికేది. నేనక్కడ కాంపౌండర్ని. నోటి దురుసు మనిషిని. అయినా నన్ను భరించింది, అదీ ఆవిడ గుణం.

పంతొమ్మిదివందల అరవై ఏడులో ఆవిడకి కడుపులో క్యాన్సరని తేలింది. ఓడెక్కి సొంత దేశం పోయే ఓపిక లేదు. "మా అమ్మ వాకిట్లో తులిప్ పూలుండేవి. ఒక్కసారి అవి చూసి పోతాను" అంది. అంత మనిషి కోరిన కోరిక అదొక్కటే. కెనడా నుంచి చెల్లెలు దుంపలు పంపింది. చూస్తే అచ్చం ఉల్లిపాయలు. పాతే ముందు వాటిని కొన్ని వారాలు చలిలో ఉంచాలిట. మాకు అంత చలి ఎక్కడిది? టీకా మందులుంచే కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్జులో పెట్టించింది. నాకు ఒళ్లు మండింది. పోయే మనిషి ముచ్చట కదా అని పైకేమీ అనలేదు గాని, ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా గొణుక్కున్నాను.

డిసెంబరు వచ్చాక వాటిని తీయించి ఆదాము చేతిలో పెట్టి, "పాతీరా" అంది. అంతే. దుంపలు పాతడం అతనికి ఒకరు నేర్పాలా అనుకుంది పాపం.

ఆదాము వాటిని నాకు చూపించి చిన్నబుచ్చుకున్నాడు. "ఏటి బాబూ ఇది, దోసెడేనా? వాకిట్లో ఓ మూలకైనా సాలవు. అమ్మ మంచం మీంచి సూస్తే వాకిలంతా పువ్వే అవుపడాల" అన్నాడు. ఏం చేయబోతున్నాడో చెప్పలేదు. ఆ సాయంత్రానికి వాకిలంతా మళ్లు కట్టేశాడు. తాటాకు పందిరి వేశాడు. అన్నం తింటున్నా కళ్లు అక్కడే.

రోజూ పొద్దున్నే మిస్సమ్మ మంచం వరండాలోకి లాగేవాళ్లం. క్రిస్మసు వెళ్లిపోయింది. సంవత్సరం మారింది. మట్టి మట్టిలాగే ఉంది. "వస్తాయిరా, వాటికి తొందర లేదు" అనేది ఆవిడ. తొందర ఆవిడకే ఉందని మా అందరికీ తెలుసు. జనవరి ఆఖరికి లేచి కూచోలేకపోయింది. నర్సు లీలారాణి తల కింద దిండ్లు పెట్టి వాకిలి చూపించేది.

ఒకరోజు ఆదాముని దగ్గరికి పిలిచింది. "తప్పు నాదేరా. వాటిని సరిగ్గా చలిలో ఉంచలేదు. నీ కష్టం వమ్ము చేశాను. క్షమించు" అని, ఎముకలు తేలిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఆదాము వరండా దిగి మడిని చేతులతోనే తవ్వాడు. వెనకే వెళ్లాను. కుళ్లిన ముక్కలు, కంపు. ఒక్కటీ గుండ్రంగా లేదు. అప్పుడర్థమైంది నాకు.

"కోశావా? నీ దుంప తెగ, ఉల్లిపాయలాంటి దాన్ని ముక్కలు చేసి పాతితే మొలుస్తుందట్రా?"

"కందలాగే అనుకున్నాను బాబూ. పేడనీళ్లలో ముంచే పాతీసినాను. వాకిలంతా..." అని ఆగిపోయాడు.

"ఆవిడకి మాత్రం చెప్పకు. చలి చాలలేదనుకునే పోనీ" అన్నాను.

"ఎలాగ సెప్పకుండా ఉంటాను బాబూ? ఆయమ్మ నాకు దండవెట్టినాది" అని, ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కాడు.

అంతా చెప్పాడు. కత్తి సంగతి, పేడనీళ్ల సంగతి, ఏదీ దాచలేదు. ఆవిడ ఆ ముక్కని చాలాసేపు చూసింది. మాతో ఎప్పుడూ తెలుగు తప్ప మాట్లాడని మనిషి, నెమ్మదిగా, "గెట్ అవుట్" అంది. మొహం గోడవైపు తిప్పేసుకుంది.

లీలారాణి కళ్లు తుడుచుకుంటూ, ఆ ఇంగ్లీషుకి అర్థం చెప్పినట్టు, "బాధపడొద్దంటన్నారు మావా" అంది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు ఆదాము. "తోటలో మేకలు పడితే అమ్మ ఇదే మాట అని తోలేస్తాది."

ఆ తర్వాత ఆవిడ బతికింది కొద్ది రోజులే. ఆదాముని మళ్లీ పిలవలేదు. ఆ మంచి మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే, ఆ ఒక్క మాటకి.

సమాధుల తోటలో పాటలు పాడుతూ ఆవిణ్ణి దింపుతుంటే అతను గోడ బయట నిలబడ్డాడు. నేను వెళ్లి తిట్టాను, చెయ్యి పట్టి లాగాను. గేటు దాటలేదు.

"ఆయమ్మ రమ్మననేదు బాబూ" అన్నాడు.