ముక్క దొరికేదాకా మిషన్ నడవదు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు ఎక్కబోతుంటే, ఇదివరకు నాతో పనిచేసిన రజిత ఫోన్ చేసి చెప్పింది. "పెద్దమ్మ పోయిందక్కా. గా కాగితం కోసం ఎదురుసూసుకుంటనే పోయింది." నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్ని రోజులైనా తగ్గలేదు; తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

నాచారంలో ఒక బట్టల కంపెనీలో పెద్దమ్మ ఇరవై రెండేళ్ళు సూదుల పని చూసింది. కుట్టడం కాదు, వెతకడం. కుట్టుమిషన్‌లో సూది విరిగితే ఆ మిషన్ ఆగాలి. ముక్కలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి, సూది పూర్తయిందని తేలాక రిజిస్టర్లో టేపుతో అతికించాలి. దొరికిన సమయం, చోటు రాసి పెద్దమ్మ సంతకం పెట్టాలి. అప్పుడే కొత్త సూది. ఒక్క మొన చొక్కాలో ఉండిపోతే అది ఎవరి బిడ్డ ఒంట్లో దిగుతుందో తెలియదు కదా.

డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ మూడు నెలలు నిలవని నన్ను అక్కడ చేర్పించింది తనే. మొదటి వారంలోనే రజిత మిషన్‌లో సూది విరిగింది. మొన కనిపించలేదు. సాయంత్రానికి లారీ బయలుదేరాలి. సూపర్‌వైజర్ నెత్తిన కూర్చున్నాడు.

"బియ్యపుగింజంత లేదు, ఇడిసెయ్ పెద్దమ్మా. లోడు వోవాలె."

"గీ అంగి నీ మనవరాలికి తొడుగుతవా? తొడుగుత అను, ఇడుస్త."

అతను లారీ ఆపడానికి వెళ్ళాడు. పెద్దమ్మ పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి నడుముకు వేలాడదీసుకునేది. దాన్ని నేల మీద ఆడిస్తూ మోకాళ్ళ మీద కదిలింది. ముప్పావు గంట. చివరికి రజిత చెప్పు విప్పించి అడుగు చూసింది. మొన రబ్బరులో గుచ్చుకుని ఉంది.

"సూదికి కాళ్ళుంటయా బిడ్డా? యాడికీ వోదు. మనకే ఓపిక లేదు."

చాయ్ కూడా నిలబడే తాగేది. కూర్చుంటే నేల మీది మెరుపు కనపడదట. ఇంటికి బయలుదేరేటప్పుడు గేటు దగ్గర నా చున్నీ మీద ఆ అయస్కాంతం ఒకసారి ఆడించి "ఇగ పో" అనేది. నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఏ గేటు దాటినా ఏదో మరిచిపోయినట్టుంటుంది.

ఒకరోజు అన్నాలు తింటూ, ఇంగ్లీషులో ఒక మాట ఉందని చెప్పాను. అసాధ్యమైన వెతుకులాటను వాళ్ళు గడ్డివాములో సూదిని వెతకడం అంటారని. ఫోన్లో దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివి వినిపించాను. ఐదు వందల ఏళ్ళ కిందట అది పచ్చికబయల్లో సూదట. తర్వాత గడ్డిమోపులో సూది. చివరికి గడ్డివాములోకి చేరిందట.

పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "గడ్డివామెక్కి అంగీలు కుట్టిన్రా ఏంది ఆళ్ళు? ఐదు వందల ఏండ్ల సంది సూదిని జాగ మారుస్తున్నరు గని, ఒక్కడన్న వంగి ఎతికిండా?" నవ్వు ఆగాక అంది: "గది ఎతకబుద్ధి గానోడు జెప్పే మాట బిడ్డా."

ఆ మాటే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

పోయిన చలికాలంలో గుండెనొప్పి మొదలైంది. పెద్ద వైద్యానికి రాసివ్వాలంటే, ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో రుజువు తెమ్మన్నారు కార్మికుల దవాఖానాలో. కంపెనీ చేతులు మారినప్పుడు పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు. అందులో ఆమె ఉద్యోగం వయసు ఐదు నెలలు. చేరిన రోజు నింపిన ఫారం ఒక్కటి దొరికితే చాలు. ఆమెతో నేనూ ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసు సారు కుర్చీలోంచి లేవలేదు. పాత ఫైళ్ళలో ఆ కాగితం వెతకడమంటే, అని నవ్వి, ఇంగ్లీషులో అదే సామెత చెప్పాడు.

"ఏమన్నడు బిడ్డా?"

చెప్పాను. ఈసారి నవ్వలేదు. "బీరువ తాళం ఇయ్యుండ్రి సారూ. నేనే ఎతుక్కుంట."

"బయటోళ్ళు ఫైళ్ళు ముట్టొద్దమ్మా."

ఇరవై రెండేళ్ళ తర్వాత బయటిమనిషి! వేల చొక్కాల్లోంచి గింజంత ఉక్కును ఏరిన మనిషికి, ఒక్క బీరువాలోంచి ఒక్క కాగితం తీసివ్వలేకపోయారు. వెతికి దొరక్కపోతే సరే. వెతకలేదు. నాలుగు నెలలు తిప్పారు. ఈలోగా నాకు ఉప్పల్లో వేరే ఉద్యోగం వచ్చింది, ఇల్లూ అక్కడికే మార్చాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఫికర్ జెయ్యకు, దొర్కుతది" అనేది. నేనూ నమ్మినట్టే ఉండిపోయాను. నా మీద కూడా కోపముంది.

దహనమైన మర్నాడు రజిత వాళ్ళు పనిలోకి వెళ్ళారు. వెళ్ళారు కానీ ఒక్కరూ మిషన్ వేయలేదు. లైనంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసు సారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం గావాలమ్మా మీకు?"

"పెద్దమ్మ కాగితం."

"మనిషే లేదు గదమ్మా, ఇంక దేనికది?"

రజిత లేచి నిలబడిందట. "సూది ఇరిగినంకనే గద సారూ, ఎతికేది. ముక్క దొరికేదాక మిషన్ నడ్వదు."

కాగితం బయటపడటానికి రెండు గంటలు పట్టలేదు. రెండు గంటలు!

ఆ సాయంత్రం రజిత ఒక ఫొటో పంపింది. సూదుల రిజిస్టర్లో కొత్త పేజీ. పెద్దమ్మ చేరిన రోజు నింపిన ఫారం నకలు, నాలుగు మూలలా టేపు. దొరికిన సమయం: పదకొండు ఇరవై. దొరికిన చోటు: ఆఫీసు బీరువా, రెండో అర. ఆ పక్కన సంతకం గడి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.