శ్రుతి చూసే పాట

పియానోలు శ్రుతి చేసే ఆయన, ఎడమ చెవి చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని తీగ బిగిస్తాడు. పని అయ్యాక తను కట్టిన చిన్న పాటొకటి వాయించి సరిచూసుకుంటాడు; అందులో నడిమి మెట్టును అనుమానంగా రెండుసార్లు నొక్కుతాడు. బావమరిది ఒక్కడే పియానో వాయించిన జాజ్ ఆల్బమ్ వచ్చిన రోజు, భార్యతో కూర్చుని విన్నాడు. మూడో పాటకు ఆవిడ తలెత్తింది.

"ఇది మీదే కదండీ! ఆ రెండు నొక్కులతో సహా దించేశాడు మా తమ్ముడు."

అట్ట మీద 'నాలో నేను: అన్నీ సొంత బాణీలే' అని ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ వారం బావమరిది పియానోను ఎప్పటంత శ్రద్ధగానే శ్రుతి చేసి, మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, మూత వేశాడు.

"పాట వాయించలేదేం బావా?"

"నీ పాట నేనెందుకు వాయిస్తానురా?" అని పనిముట్లు గుడ్డలో చుట్టుకున్నాడు.