కట్టయ్య పెట్టిన బడి గోడ

తొర్రూరు దగ్గరి మా ఊళ్లో ఏ ఇంటి మట్టి గోడ చూసినా అది కట్టయ్య పెట్టిందే. మట్టి తొక్కి ఒక వరుస పెట్టేవాడు. అది ఆరేదాకా పై వరుస జోలికి పోయేవాడు కాదు. తొందరపెడితే "అయితే మీరే పెట్టుకోండ్రి" అని పార పక్కన పడేసేవాడు. అంత మొండి మనిషి ఒక్క గోడ దగ్గర తన పద్ధతి తప్పాడు. అది మా బడి గోడ.

ఎనభై ఒకటి ఎండాకాలంలో గాలివానకు బడి పెంకులు లేచిపోయి, వెనక గోడ కూలింది. సమితి ఆఫీసు ఓవర్సీరు వచ్చి చూశాడు. రేకులు ఇప్పిస్తానన్నాడు. మళ్లీ వచ్చేసరికి గోడ నిలబడి ఉండాలి, లేకపోతే బడిని వాగవతలి ఊరి బడిలో కలిపేస్తామని చెప్పి జీపెక్కాడు. గోడ ఎవరు పెడతారో, ఎట్లా పెడతారో ఆయనకు పట్టలేదు. చెప్పి పోవడానికి ఆయనకేం పోయింది?

వానాకాలమంతా వాగు పారుతుంది. ఆడపిల్లను దాటించి చదివించే ఇల్లు మా ఊళ్లో లేదు. కట్టయ్య కూతురు యాకమ్మ అప్పుడు నాలుగో తరగతి. బస్సు మీది బోర్డు చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. ఆమె చదువు ఆగకూడదని కట్టయ్య కూలి మాట ఎత్తకుండా పనిలో దిగాడు.

బావులు అడుగంటాయి. తాగడానికే కటకటగా ఉన్నా, రోజూ ఇంటికో బిందె బడి మట్టికి పోయాలని ఆడవాళ్లు మాట అనుకున్నారు. ఆ బిందెల కోసం కాచుకుని తొక్కేసరికి పని రోజుల తరబడి సాగింది. ఇంకా రెండు వరుసలు మిగిలి ఉండగా ఓవర్సీరు అనుకున్నదానికన్నా ముందే వస్తున్నాడని కబురొచ్చింది.

కట్టయ్య పచ్చి వరుస మీద పచ్చి వరుస పెట్టాడు. తడి కనబడకుండా సున్నం కొట్టాడు.

"ఇట్ల ఎన్నడన్న చేసినవా?" అంది భార్య పూలమ్మ.

"ఊకో. ఎండకు ఆరుతది."

ఓవర్సీరు చూశాడు, తల ఊపాడు. రేకులు బండి మీద వచ్చాయి. గాలికి లేవకుండా వాటి మీద బండరాళ్లు పెట్టారు. ఊరంతా సంబరపడుతుంటే కట్టయ్య ఆ రాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

బడి తెరిచాక రోజూ పొద్దున వచ్చి గోడ వెనక కూర్చునేవాడు. గోడ బయటికి ఉబ్బుతోందని ఆయనకు అనిపించేది. మాకెవరికీ కనబడలేదు. యాకమ్మ ఆ గోడకే ఆనుకుని కూర్చునేది. చెబితే బడి పోతుంది, చెప్పకపోతే బిడ్డే పోవచ్చు. ఆ దిగులుతో మనిషి సగమయ్యాడు.

ముసురు పట్టిన రోజు తడుస్తూ లోపలికి వచ్చాడు.

"సారూ, పిల్లగాండ్లను బయటికి తోలుండ్రి. గోడ పచ్చిమీద పెట్టిన."

రామలింగం సారు పిల్లలను ఎదురింటి అరుగు మీదికి పంపి, గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. "మంచిగనే ఉన్నది గదా కట్టయ్యా. వాన తగ్గినంక పిల్లలను మళ్ల ఆడనే కూసోవెడ్త."

"మళ్ల కూసోవెడ్తరనే సారూ," అని కట్టయ్య గడ్డపార అందుకున్నాడు. గోడ పడింది, రేకులు దాని మీద పడ్డాయి.

బడిని వాగవతలి బడిలో కలిపేశారు. "తాగే నీళ్లు తెచ్చి నీ చేతుల పోసినం గదరా," అని ముసలి బక్కమ్మ ఏడ్చింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనను గోడకు పిలవలేదు. హసన్‌పర్తి వైపు ఇటుకలు మోయడానికి పోయాడు. యాకమ్మ పత్తి ఏరడానికి పోయింది.

కొన్నేళ్లకు ఒకనాడు తండ్రికి అన్నం పెడుతూ అడిగింది. "బాపూ, ఆ గోడ నిజంగనే పడేదా?"

గోడ కూల్చిన రోజునే ఆ మట్టి పెడ్డలను కట్టయ్య ఒక్కొక్కటే విరిచి చూశాడు. వానకు అన్నీ తడిసిపోయి ఉన్నాయి. ఏది పాత తడో, ఏది కొత్త తడో తేలలేదు.

"ఎరుకలేదు బిడ్డా," అన్నాడు.