ఎర్రగీత మీద వేలు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను తెలుగు చెప్పే కాలేజీకి నల్లగొండ పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె రాసిన ఏ వాక్యం కొట్టేసినా, నా ఎర్రగీత మీద వేలు పెట్టి, "గిది అబద్ధమా మేడం?" అనేది. నాకు ఒళ్ళు మండేది.

పర్యావరణ నీతి మీద పోటీకి వ్యాసం రాసి, దిద్దమని తెచ్చింది. "ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా అమ్మ నడుము వంగిపోయింది. కృష్ణ మా జిల్లా పక్కనుంచే పోతుంది, మా బిందెలోకి రాదు" అని అందులో ఉంది. నేను కృష్ణ కాలువ నీళ్ళతో పెరిగిన గుంటూరుదాన్ని. నన్నే దెప్పుతోందనుకున్నాను.

"ఇది వ్యాసమమ్మా, బంద్ రోజు ఉపన్యాసం కాదు. మీ అమ్మ సంగతి ఎవరడిగారు?" అంటూ ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, "కలుషిత జలాలు మానవాళికి పెనుముప్పు" అని నేనే రాశాను.

"అబద్ధమా మేడం?"

"అబద్ధం కాదు, వ్యాసానికి పనికిరాదు."

పోటీ రోజు వాళ్ళమ్మ ఎల్బీనగర్‌లో బస్సు దిగి, వంగిన నడుముతోనే నడిచి వచ్చింది. కూతురు వేదిక మీద చదివిన వ్యాసమంతా తల వంచుకునే విన్నది. చప్పట్లు ఆగాక అడిగింది.

"నా ముచ్చట రాసిన అంటివి. ఏది బిడ్డా?"

ఆ పిల్ల నావైపు చూడనైనా లేదు. "ఒచ్చిందమ్మా. పెద్ద మాటలల్ల ఒచ్చింది" అంది.

మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు. ఆ తర్వాత ఆమె తెచ్చిన వ్యాసాల్లో కొట్టేయడానికి నాకేమీ దొరకలేదు. అన్నీ నా వాక్యాలే.